మంచి ల్యాప్‌టాప్ ఎప్పుడు కొనాలి?

'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని సామెత. ఒక్క బొమ్మ గీయకముందే, ఒక్క వీడియో కూర్చకముందే ఖరీదైన ల్యాప్‌టాప్ కావాలని మనం పట్టుబడితే పెద్దలకు గుర్తొచ్చేది ఇదే. మనలో చాలామందికి బొమ్మలు, యానిమేషన్, వీడియో ఎడిటింగ్ ఇష్టం. అయితే అలాంటి ల్యాప్‌టాప్ అమ్మానాన్నలకు చిన్న ఖర్చు కాదు. మరి ఎప్పుడు అడగాలి?

మనం ఉంటున్న కోల్‌కతాలోనే దీనికొక పాఠం ఉంది. 1930ల తొలినాళ్లలో తెలుగునాట టాకీలు తీసే స్టూడియోలు లేవు. అందుకని దర్శకుడు సి. పుల్లయ్య గారు 'సతీ సావిత్రి' (1933), 'లవకుశ' (1934) చిత్రాలను ఈ ఊళ్లోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీలో తీశారు. సొంత స్టూడియో కట్టేదాకా ఆగలేదు. రంగుల చిత్రాల కాలం వచ్చాక ఆ లవకుశ కథనే మళ్లీ మొదలుపెట్టారు. ఆయన కుమారుడు సి.ఎస్. రావు గారు పూర్తిచేయగా 1963లో విడుదలైంది. తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం అదే. ఉన్నదానితో పని మొదలుపెడితే, ఇంకా ఏం కావాలో ఆ పనే చెబుతుంది.

మనమూ అలాగే మొదలుపెట్టవచ్చు. బొమ్మలకు క్రిటా, త్రీడీకి బ్లెండర్ ఉచితంగా దొరుకుతాయి. లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ బ్లెండర్‌తో తీసిన 'ఫ్లో' 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది.

కొనేముందు ఒక నెలపాటు నోటుపుస్తకంలో మూడు విషయాలు రాసుకుందాం.

1. ఏ పని ఆగింది? తేదీ, పని పేరు, ఎంతసేపు ఆగిందీ రాయాలి. 'స్లోగా ఉంది' అంటే చాలదు.

2. దేనివల్ల ఆగింది? విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మెమరీ నిండిపోతుంటే ర్యామ్ చాలడం లేదు. డిస్క్ మాటిమాటికీ 100 శాతానికి చేరితే, పాత హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేయించవచ్చు. చాందినీ చౌక్ మెట్రో దగ్గరి కంప్యూటర్ దుకాణాల్లో ఈ పనులు చేస్తారు. కొన్ని మోడళ్లలో ర్యామ్ మార్చడం కుదరదు కాబట్టి ముందే అడగాలి.

3. వేరే దారి ఉందా? పెద్ద వీడియోకు ప్రాక్సీ, అంటే తక్కువ సైజు నకలు, చేసుకుని దానిమీద ఎడిట్ చేయవచ్చు. చివర్లో అసలు వీడియోతోనే ఫైలు తయారవుతుంది.

ఇవన్నీ చేశాక కూడా వారం వారం పని ఆగుతుంటే కొనే సమయం వచ్చినట్టే. అప్పుడు కనీసం 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ చూసుకోవాలి. త్రీడీ చేసేవారికి విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. బొమ్మలు వేసేవారు రంగులు సరిగ్గా చూపే స్క్రీన్‌కు ముందు చోటివ్వాలి.

పన్నెండో తరగతిలో ఉన్నవారు ఇంకొంచెం ఆగడం మేలు. ఎన్ఐడీ, నిఫ్ట్ ప్రవేశ పరీక్షల్లో బొమ్మలు గీసేది కాగితం మీదే. సీటు వచ్చాక ఆ కోర్సుకు ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో తెలుసుకుని కొంటే, చదువు పూర్తయ్యేదాకా పనికొస్తుంది. పదో తరగతిలో కొన్నది అప్పటికి పాతబడిపోతుంది.

బదిలీల ఇళ్లలో మరో జాగ్రత్త కావాలి. నాన్నగారికో అమ్మకో తర్వాతి పోస్టింగ్ చిన్న ఊరైతే అక్కడికి సర్వీసు దొరుకుతుందా? ఇంటికి వచ్చి బాగుచేసే వారంటీ ఉందా? బిల్లు భద్రంగా దాచాలి. సామాను లారీలో కాకుండా ల్యాప్‌టాప్‌ను మన చేతి సంచిలోనే తీసుకెళ్లాలి.

ఇంట్లో అడిగే రోజున ఆ నోటుపుస్తకాన్నీ, మనం పూర్తిచేసిన రెండు మూడు పనులనూ అమ్మానాన్నల ముందు పెడదాం. అవి చూస్తే మన అవసరం ఎంతో వారికీ తెలుస్తుంది.