ఇంట్లో చెక్కిన రైఫిల్ స్టాక్‌కు ఇనుప సామాను బిగించవచ్చా?

లైసెన్సు తుపాకీ చెక్క పగిలిందంటే, ఉలి పట్టడం వచ్చినవాళ్లకు కొత్త స్టాక్ సొంతంగా చెక్కుకోవాలనిపిస్తుంది. దానికి ట్రిగ్గర్ గార్డు, బట్ ప్లేటు, బెల్టు కొక్కేలు అమర్చి, గొట్టాన్ని కూర్చోబెట్టి మరలు బిగించాలంటే మాత్రం పనితనం ఒక్కటే చాలదు. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధ నియమాలు ఏమంటున్నాయో కూడా తెలియాలి.

ప్రశ్న: ఉత్త చెక్క ముక్క కూడా ఆయుధమేనా?

జవాబు: చట్టంలోని సెక్షన్ 2 ‘ఆయుధాలు’ అన్న మాటలో వాటి భాగాలను కూడా కలిపింది. అయితే సెక్షన్ 45 ఒక మినహాయింపు ఇచ్చింది. చిన్న భాగాలు దగ్గరున్నా, వాటిని మిగతా భాగాలతో జోడించి వాడే ఉద్దేశం లేకపోతే చట్టం పట్టించుకోదు. గోడకు అలంకారంగా చెక్కుకున్న స్టాక్‌కూ, గొట్టం బిగించడానికి చెక్కిన స్టాక్‌కూ తేడా ఇదే. రెండోదానికి ఈ మినహాయింపు దొరకదు.

ప్రశ్న: తుపాకీ నాది, లైసెన్సు నాది. నేనే బిగించుకుంటే తప్పేమిటి?

జవాబు: మీ చేతిలో ఉన్నది తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు. తయారీ, మార్పు, మరమ్మతు, పరీక్ష వంటి పనులకు సెక్షన్ 5 కింద వేరే లైసెన్సు కావాలి. సొంత తుపాకీ అయితే ఫర్వాలేదన్న మాట ఆ సెక్షన్‌లో లేదు. ఇది చిన్న మరమ్మతు, అది పెద్ద మరమ్మతు అన్న విభజన కూడా లేదు. 2019 సవరణ తర్వాత, సెక్షన్ 5ను మీరి తుపాకీ తయారు చేసినా, మార్చినా, మరమ్మతు చేసినా కనీసం 7 ఏళ్ల జైలు. అది యావజ్జీవం దాకా వెళ్లవచ్చు, జరిమానా అదనం. అందుకని రెండు మరల పనే కదా అని స్క్రూడ్రైవర్ తీయకండి.

ప్రశ్న: మా ఊరి వడ్రంగికి ఇస్తే?

జవాబు: తుపాకీని అతని దగ్గర వదిలి వస్తే, లైసెన్సు లేని మనిషి చేతిలో ఆయుధం పెట్టినట్టే. పాపం, కేసు అతని మీదా పడుతుంది. మంచి పనివాడి చేత చెక్కించుకోవాలని ఉంటే, ముందు మరమ్మతు లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌తో మాట్లాడండి. కొలతలు తీయడం, చివరి బిగింపు ఆయన దుకాణంలోనే జరగాలి.

ప్రశ్న: గన్‌స్మిత్ దగ్గరికి లైసెన్సుదారే వెళ్లాలా?

జవాబు: అక్కర్లేదు. మరమ్మతు కోసం లేదా రెన్యువల్ కోసం లైసెన్సుదారు సమక్షంలో గానీ, ఆయన రాసిచ్చిన అధికార పత్రంతో గానీ మరొకరు తుపాకీని తీసుకెళ్లడానికి సెక్షన్ 3 వీలు కల్పించింది. కొడుకునో, పాలేరునో పంపితే ఆ పత్రం, లైసెన్సు నకలు చేతికివ్వండి. నోటిమాట చాలదు.

ప్రశ్న: బిగించేటప్పుడు వేటి జోలికి పోకూడదు?

జవాబు: ఈ మూడూ గన్‌స్మిత్‌కు కూడా ముందే చెప్పండి. ఒకటి, తుపాకీ మీది నంబరు, తయారీదారు పేరు, గుర్తులు. వాటిని చెరపడం, అరగదీయడం, మార్చడం సెక్షన్ 8 కింద నేరం. రెండు, గొట్టం పొడవు. కొత్త చెక్కలో సరిగ్గా కుదరలేదని గొట్టాన్ని కోయించకూడదు. దానికి సెక్షన్ 6 కింద ప్రత్యేక లైసెన్సు ఉండాలి. మూడు, శబ్దాన్ని గానీ మెరుపును గానీ తగ్గించే అమరికలు. వాటిని చట్టం తుపాకీ నిర్వచనంలోనే చేర్చింది.

ప్రశ్న: ఎయిర్ రైఫిల్‌కు కూడా ఇదంతా వర్తిస్తుందా?

జవాబు: చేతిపని సరదా తీర్చుకోవాలంటే దారి ఇక్కడే ఉంది. గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. దానికి మీకు నచ్చిన స్టాక్ చెక్కుకోవచ్చు. స్ప్రింగు మార్చి శక్తిని ఆ హద్దు దాటిస్తే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది. పోటీలకు వెళ్లేవారు స్టాక్ కొలతలు పోటీ నిబంధనలకు సరిపోతున్నాయో లేదో ముందే చూసుకోవాలి.

ప్రశ్న: తాతగారి పాత తుపాకీకి కొత్త చెక్క వేయించి దాచుకోవచ్చా?

జవాబు: పాతకాలపు తుపాకీకైనా, పురావస్తువుకైనా మినహాయింపు దక్కాలంటే మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉండాలి. బాగుచేస్తే పేలేదైతే అది మామూలు ఆయుధమే. తాతగారి లైసెన్సు దానంతట అది మీ పేరుకు మారదు. ముందు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి, మీ పేరున దరఖాస్తు పెట్టుకోండి. చెక్క సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

ప్రశ్న: ఏ కలప వాడినా ఫర్వాలేదా?

జవాబు: బిల్లు ఉన్న డిపో కలప అయితే చిక్కు లేదు. సొంత పొలంలోని టేకు అయినా కొట్టే ముందు అటవీశాఖను అడగండి. ఎర్రచందనం దుంగ చవగ్గా వచ్చిందని ఎవరైనా తెస్తే ముట్టుకోకండి. తుపాకీ కేసుకు అటవీ కేసు తోడవుతుంది.

ప్రశ్న: పని మొదలుపెట్టే ముందు ఏం చేయాలి?

జవాబు: లైసెన్సు ఇచ్చిన అధికారికి, అంటే జిల్లాల్లో కలెక్టరుకు, కమిషనరేట్లలో పోలీస్ కమిషనరుకు, చేయించాలనుకుంటున్న పనిని వివరిస్తూ అర్జీ పెట్టండి. లిఖితపూర్వక జవాబు వచ్చాకే ముందుకు వెళ్లండి. గన్‌స్మిత్ లైసెన్సు ఇంకా అమల్లో ఉందో లేదో చూసి, తుపాకీ నంబరుతో రశీదు తీసుకోండి. పాత చెక్క, కొత్త చెక్క ఫొటోలు దాచండి. రేపు తనిఖీలో ఎవరైనా అడిగితే మీ తరఫున మాట్లాడేవి ఈ కాగితాలే.