పురానాపూల్ చెప్పిన పాఠం

మాది బాన్సువాడ దగ్గర పల్లె. నిజాంసాగర్ కాలువ కింద మూడెకరాల వరి. కాలేజీకి రావాలంటే ఒక వాగు దాటాలి. నిరుడు వానాకాలంలో ఆ వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయి, ప్రాక్టికల్ పరీక్షకు అందలేకపోయాను. "నాలుగేండ్లకే కూలిన దాన్ని వంతెనంటరారా?" అన్నాడు బాపు. ఆ మాట మనసులో ఉండే, మొన్న సెలవుల్లో హైదరాబాదు పోయి చార్మినార్ కంటె ముందు పురానాపూల్ చూశాను.

వయసులోనూ అదే ముందు. చార్మినార్ 1591 నాటిది. మూసీ మీద ఈ వంతెనను ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించాడు. పారిస్‌లో పోన్ నెఫ్ వంతెన పని మొదలైందీ ఆ ఏడే. అందంలో దీనికీ దానికీ పెద్ద తేడా లేదని ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే రాశాడు. భాగమతి కోసం కొడుకు వరదలో నది ఈదాడని తండ్రి దీన్ని కట్టించాడంటారు. ఆ కొడుకు పుట్టింది 1565లో. పదమూడేళ్ళ ప్రేమికుడా? లెక్క కుదరదు!

ఇరవైకి పైగా మొనదేలిన కమానులున్నాయి. రాయిని అదిమితే ఓర్చుకుంటుంది, సాగదీస్తే పగులుతుంది. కమానులో రాళ్ళు, వరి పనలు ఒకదానికొకటి ఆనించినట్టు, నొక్కుకుంటూ బరువును కిందికీ పక్కకూ దింపుతాయి. పక్కకు నెట్టే బలానికి పొరుగు కమాను ఎదురు నిలుస్తుంది; చివరి వాటికి ఒడ్డే ఆసరా. అంతే వెడల్పుండి ఎత్తు తక్కువైన కమానైతే ఆ నెట్టుడు ఇంకా ఎక్కువ.

లోపం కూడా ఉంది. లావుపాటి స్తంభాలు నీటి దారిని ఇరుకు చేస్తాయి. వరద ఎగదన్ని, సందుల్లో వేగం పెరిగి పునాదిని తవ్వుతుంది. మా కల్వర్టుకు పట్టిన గతి అదే: సన్న తూములు, వాటికి అడ్డం పడిన తుమ్మచెట్టు, పక్క మట్టి కోత. 1908 సెప్టెంబరు 28 వరదలో వేలమంది పోయారు, మూసీ మీది మిగతా వంతెనలు తెగాయి. పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. మా మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది.

వంతెన మీద కూరగాయల అంగళ్ళు. నేను అడుగులతో వెడల్పు కొలుస్తుంటే ఒక అవ్వ "జాగ కొంటవా బిడ్డా?" అని నవ్వింది. సిగ్గుపడి అర్ధకిలో బీరకాయలు కొన్నాను.

ఊరికొచ్చాక బాపూ నేనూ మోకుతాడు పట్టి, ఒడ్డున చెత్త పట్టిన ఆనవాలు చూసి, వరదనాటి వాగు వెడల్పు కొలిచాము. ముప్పై రెండు గజాలు. కొత్త కల్వర్టుకు తెచ్చి దించిన తూములు మూడు.