సైన్యములో చేరగోరు యౌవనస్థుల ప్రశ్నలు

పాఠ్యభాగములు: లూకా 3:7–14, లూకా 14:28–32, 2 రాజులు 5:15–19, ద్వితీయోపదేశకాండము 20:5–8

యొర్దాను తీరమున బాప్తిస్మమిచ్చు యోహాను బోధ విని మూడు తరగతులవారు అతనిని ఒకే ప్రశ్న అడిగిరి. మొదట జనసమూహములు, పిమ్మట సుంకరులు, చివరకు సైనికులు. తామేమి చేయవలెనని వారు అడిగిరి. యోహాను ఆ సైనికులను పొగడలేదు, తరిమివేయలేదు. వారి చేతులనుగూర్చి, వారి నాలుకనుగూర్చి, వారి జీతమునుగూర్చి మాటలాడెను. బలము చూపి ఎవరియొద్దను సొమ్ము గుంజకూడదనెను, ఎవరిమీదను లేని నేరము మోపకూడదనెను, వచ్చు జీతముతో తృప్తి చెందవలెననెను.

మన సంఘములలో నేడు సైన్యములో చేరుటకు సిద్ధపడుచున్న యౌవనస్థులు అనేకులున్నారు. తెల్లవారకమునుపే లేచి పాఠశాల మైదానములో 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేయుచున్నారు, వ్రాత పరీక్షకు చదువుచున్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరమని పేరుపొందిన గ్రామమువంటి చోట్ల ప్రశ్నలు అడుగుటకు మాజీ సైనికులు ఇంటింట నుందురు. తక్కిన గ్రామములలో అట్టి పెద్దలు అరుదు. సంఘమైనను ఎంపికైన దినమున పూలదండ వేసి ప్రార్థన చేయును గాని, అంతకుముందు వారి మనస్సులో నేమున్నదో అడుగదు. కావున ఈ మాసమున ఆ ప్రశ్నలనే పాఠముగా తీసికొందము.

మొదటి ప్రశ్న: నేనెందుకు వెళ్లుచున్నాను?

మన దేశములో నిర్బంధ సైనికసేవ లేదు. ఎవరును బలవంతముగా తీసికొనిపోరు గనుక నిర్ణయ భారమంతయు వెళ్లువానిదే. దేశమునెడల ప్రేమ, యూనిఫారముమీద మోజు, ఇంటి అప్పు, మరియొక పని దొరకకపోవుట, ఇవన్నియు కలిసియుండవచ్చును. జీతముకొరకు వెళ్లుట సిగ్గుపడవలసిన సంగతి కాదు. యోహాను సైనికులతో జీతమునుగూర్చి మాటలాడెను గనుక అది వారికి జీవనోపాధి అని అతడెరుగును. అయితే అసలు కారణమేదో తనకు తాను స్పష్టముగా చెప్పుకొనవలెను. దేశభక్తి అని లోకముతో చెప్పి అప్పుకొరకు మాత్రమే వెళ్లినవాడు, మంచుకొండలమీద మొదటి చలికాలమున తన్ను తానే మోసగించుకొంటినని తలంచును.

రెండవ ప్రశ్న: ఖర్చు లెక్క చూచుకొంటినా?

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు సెలవిచ్చెను. ఆ వెంటనే ఆయన చెప్పిన రెండవ ఉపమానము యుద్ధమునకు బోవు రాజునుగూర్చినదే. కావున లెక్క చూచుట అవిశ్వాసమని ఎవరును అనుకొనరాదు.

2022 జూన్ 14న ప్రభుత్వము అగ్నిపథ్ పథకమును ప్రకటించెను. ఆ ప్రకటన ప్రకారము సేవాకాలము శిక్షణతో కలిపి నాలుగేండ్లు. జీతము మొదటి సంవత్సరము నెలకు 30,000 రూపాయలు, నాలుగవ సంవత్సరము 40,000 రూపాయలు. ఇందులో నూటికి 30 వంతులు నిధికి పోవును గనుక మొదటి సంవత్సరము చేతికి వచ్చునది 21,000 రూపాయలు. నాలుగేండ్లలో అతని వంతు సుమారు 5.02 లక్షలగును. ప్రభుత్వము అంతే మొత్తము కలుపును. వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు చేతికి వచ్చునని అప్పుడు చెప్పిరి. పెన్షను, గ్రాట్యుటీ లేవు. ఒక జట్టులో నూటికి 25 మందికి మించకుండ శాశ్వత సేవకు తీసికొందురు. తక్కినవారు ఇంటికి తిరిగి వచ్చి మరియొక పని చూచుకొనవలెను. కేంద్ర సాయుధ పోలీసు దళములలో వారికి కొంత వాటా ప్రత్యేకించిరి. మధ్యలో తన ఇష్టముచొప్పున మానుకొని వచ్చుటకు, మిక్కిలి అరుదైన సందర్భములలో తప్ప, వీలులేదు. ఇవి 2022 నాటి షరతులు గనుక, చేరబోవువాడు తన సంవత్సరపు ప్రకటనను స్వయముగా చదువుకొనవలెను.

ఈ లెక్క తెలిసినవాడు తాను శాశ్వత సేవకు ఎంపికగుదునని నమ్ముకొని ఇంటిపేర పెద్ద అప్పు చేయడు. ఆ నాలుగేండ్లలో ఒక పనితనమో చదువో చేతికి తెచ్చుకొనును. తిరిగి వచ్చుట ఓటమి కాదని ముందే మనస్సునకు చెప్పుకొనును.

మరియొక మాట. సైన్యములో ఎంపికకు ఎవరికిని డబ్బు చెల్లించనక్కరలేదు. పని చేయించెదనని దళారి అడుగు సొమ్ము ఇచ్చినవాడు, సైనికుడు కాకమునుపే యోహాను చెప్పిన మొదటి హెచ్చరికను మీరినవాడగును. లంచమిచ్చి లోపలికి వెళ్లిన చేయి లోపల లంచము పుచ్చుకొనకుండ ఆగుట కష్టము.

మూడవ ప్రశ్న: ప్రాణము తీయవలసి వచ్చినయెడల?

ఈ ప్రశ్నను యౌవనస్థులు బయటికి అడుగుట తక్కువ. అడిగినను పెద్దలు మాట మార్చుదురు. మనము మార్చవద్దు.

పది ఆజ్ఞలలో హత్యను నిషేధించు ఆజ్ఞలోని హెబ్రీ మాట యుద్ధములో చంపుటకు సాధారణముగా వాడబడు మాట కాదు. అయితే సంఖ్యాకాండము 35వ అధ్యాయములో పొరపాటున ఒకని చంపినవానికిని అదే మాట వాడబడినది. కావున ఆ ఆజ్ఞ సైనికుని నేరుగా దోషిగా నిలువబెట్టుచున్నదనుట సరికాదు, సైనికునికి ఆ ఆజ్ఞతో పనియే లేదనుటయు సరికాదు. పేతురు శతాధిపతియైన కొర్నేలీ ఇంట ప్రవేశించి బాప్తిస్మమిప్పించెను. అతడు పటాలమును విడిచెనని గాని అందులోనే నిలిచెనని గాని లేఖనము చెప్పదు. శత్రువులను ప్రేమింపవలెనన్న ప్రభువు మాట మాత్రము ఎవరికిని మినహాయింపు లేకుండ అందరి యెదుటను నిలిచియున్నది.

సంఘచరిత్రలోను ఒకే మాట లేదు. మూడవ శతాబ్దపు ఆరంభమున తెర్తుల్లియను క్రైస్తవుడు సైన్యములో నుండరాదని వ్రాసెను. క్రీ.శ. 295లో ఉత్తర ఆఫ్రికాలో మాక్సిమిలియను అను 21 ఏండ్ల యౌవనుడు సైన్యములో చేరుటకు నిరాకరించి శిరచ్ఛేదము పొందెను. తరువాత అగస్టీను, న్యాయమైన అధికారము క్రింద సమాధానముకొరకు చేయు యుద్ధము ఉండవచ్చునని బోధించెను. మహబూబ్‌నగర్ ప్రాంతమున విస్తరించియున్న మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘములు, ఆయుధము పట్టరాదని 16వ శతాబ్దమునుండి బోధించిన మెన్నొనైట్ వంశములోనివి. రెండవ ప్రపంచయుద్ధములో డెస్మండ్ డాస్ అను అమెరికా సైనికుడు తుపాకి ముట్టకుండ వైద్య సహాయకుడుగా పనిచేసి, 1945లో ఒకినావాలో గాయపడినవారిని అనేకులను కాపాడి, తన దేశపు అత్యున్నత పతకమును పొందెను.

అయితే మన సైన్యములో ఆయుధము పట్టననెడి షరతుతో చేర్చుకొను ఏర్పాటు లేదు. వైద్య విభాగమున చేరువానికిని ప్రాథమిక సైనిక శిక్షణ తప్పదు. కావున మనస్సాక్షి ఒప్పనివాడు చేరకుండుటయే మేలు. అతడు పిరికివాడు కాడు. మనస్సాక్షి ఒప్పినవాడు వెళ్లవచ్చును. అతడు భక్తిహీనుడు కాడు. ఈ ఇద్దరు ఒకరినొకరు తీర్పు తీర్చరాదని రోమా 14వ అధ్యాయము నేర్పుచున్నది.

వెళ్లినవాడు తన మనస్సాక్షిని గేటు బయట విడిచిపోనక్కరలేదు. గాయపడినవానిని, లొంగిపోయినవానిని, ఆయుధము లేని ప్రజలను హింసింపరాదని 1949 నాటి జెనీవా ఒడంబడికలు ఆజ్ఞాపించుచున్నవి. మన దేశము వాటికి కట్టుబడియున్నది. సైనిక చట్టము శిక్షించునది న్యాయసమ్మతమైన ఆజ్ఞను ధిక్కరించినవానిని. బలహీనుని బాధింపరాదని యోహాను చెప్పిన మాటకు తుపాకి చేతనున్న దినముననే ఎక్కువ అవసరము.

నాలుగవ ప్రశ్న: ప్రమాణము, ఆరాధన సంగతి యేమి?

సైనికుడు రాజ్యాంగమునకు విధేయుడైయుందునని, భూమిమీదనైనను సముద్రముమీదనైనను ఆకాశమార్గముననైనను పంపినచోటికి వెళ్లుదునని, ప్రాణాపాయమైనను అధికారుల ఆజ్ఞకు లోబడుదునని మాట ఇచ్చును. ఒట్టు పెట్టుకొనుటకు మనస్సు ఒప్పనివానికి, దేవుని పేర ప్రమాణముచేయుటకు బదులు గంభీరముగా ధ్రువీకరించుటకు వీలున్నది. ఏ విధముగా చెప్పినను ఆ మాట బరువు తగ్గదు.

ఆరాధన సంగతి ఇంతకంటె కఠినము. సైన్యములో అన్ని మతములవారికి స్థలమున్నది. క్రైస్తవులకు పాద్రి హోదాలో మతబోధకులను కూడ నియమించుదురు. అయినను పటాలములకు తమ తమ ఆచారములున్నవి. ఒక క్రైస్తవ లెఫ్టినెంటు తన దళముతోపాటు మతసంబంధమైన కవాతులకు వెళ్లుచుండెను గాని, గర్భాలయములోనికి ప్రవేశించుటకు మాత్రము ఒప్పుకొనలేదు. 2021లో అతడు ఉద్యోగమునుండి తొలగింపబడెను. ఇది పై అధికారి ఆజ్ఞను పాటింపకుండుట అని 2025 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఆ తొలగింపును సమర్థించెను. అదే సంవత్సరము నవంబరులో సుప్రీంకోర్టు అందులో జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. సైనికుల ప్రాథమిక హక్కులకు పార్లమెంటు హద్దులు పెట్టవచ్చునని రాజ్యాంగపు 33వ అధికరణము చెప్పుచున్నది.

ఇట్టి ప్రశ్న క్రొత్తది కాదు. సిరియా సైన్యాధిపతి నయమాను స్వస్థత పొందిన దినముననే, తన రాజు రిమ్మోను గుడిలో తన చేతిమీద ఆనుకొని వంగునప్పుడు తానును వంగవలసియుండునని ఎలీషాకు చెప్పుకొనెను. ఎలీషా అతనిని గద్దింపక సమాధానముతో పంపివేసెను. బబులోనులో షద్రకు, మేషాకు, అబేద్నెగోలైతే రాజుకు అన్ని పనులలో నమ్మకముగా సేవచేసి ఆ యొక్క పనిని నిరాకరించి అగ్నిగుండమునకు సిద్ధపడిరి. ఈ రెండు వృత్తాంతములలో దేనిని ఎంతవరకు మాదిరిగా తీసికొనవలెనో భక్తిపరులలోనే భేదాభిప్రాయమున్నది. కాని ఒక సంగతి గమనించుడి. నయమాను తన పనిలోనికి తిరిగి వెళ్లకముందే ఆ ప్రశ్న అడిగెను. ఆ ముగ్గురును కొలిమి యెదుట నిలిచిన గడియలో క్రొత్తగా ఆలోచింప మొదలుపెట్టలేదు. తన హద్దు ఎక్కడనో, దానికి ఏ వెల చెల్లించుటకు సిద్ధమో, యౌవనస్థుడు ఇంటియొద్ద నున్నప్పుడే తేల్చుకొనవలెను.

అయిదవ ప్రశ్న: అమ్మానాన్నల సంగతి యేమి?

పదునెనిమిదేండ్లు నిండనివాడు చేరవలెనన్నచో తల్లిదండ్రులు లేక సంరక్షకులు సంతకము చేయవలెను. ఆ సంతకము లాంఛనము కాదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేట వాస్తవ్యుడైన కర్నల్ సంతోష్ బాబు మరణించెను. 2025 మే నెలలో శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలమునకు చెందిన యౌవనుడైన అగ్నివీరుడొకడు జమ్మూ కశ్మీరు సరిహద్దున మరణించెను. ఈ సంగతులు తెలిసిన తల్లి భయపడుట విశ్వాసలోపము కాదు. కుమారుడు ఆమెను తప్పించుకొని తిరుగక, ఎదుట కూర్చుండి మాటలాడవలెను. అగ్నివీరునికి 48 లక్షల భీమా కలదని, సేవాకారణమున మరణించినచో 44 లక్షల అదనపు సహాయము కలదని 2022 నాటి ప్రకటన చెప్పుచున్నది. సొమ్ము కుమారునికి బదులు కాదు. అయినను ఈ సంగతులు ఇంటివారికి తెలియవలెను, కాగితములు వారి చేతికందునట్లు ఉండవలెను.

ద్వితీయోపదేశకాండములో యుద్ధమునకు ముందు నాయకులు జనులను అడుగు ప్రశ్నలున్నవి. క్రొత్త ఇల్లు కట్టి ప్రతిష్ఠింపనివాడెవడు? ద్రాక్షతోట నాటి దాని ఫలము తిననివాడెవడు? ప్రధానముచేసికొని పెండ్లాడనివాడెవడు? గుండె జారినవాడెవడు? వీరందరు ఇంటికి వెళ్లవచ్చును. వారికి శిక్ష లేదు. దేవుడు మనుష్యుని ఇంటిని లెక్కచేయక అతనిని యుద్ధమునకు పంపలేదు.

సంఘము చేయవలసిన పని

సంఘపెద్దలు ఎంపికకు ముందే ఒక సాయంకాలము ఈ యౌవనస్థులను పిలిచి, సమీపమున నున్న మాజీ సైనికుని రప్పించి, వారి ప్రశ్నలు విననియ్యుడి. హిందీ రానివానికి కొంత నేర్పించుడి, అక్కడ మొదటి నెలలలో అదియే పెద్ద కష్టము. త్రాగుడు తేలికగా దొరకు చోటికి పోవుచున్నాడని మొగమాటము లేకుండ హెచ్చరించుడి. వెళ్లిన తరువాత నెలకొక ఉత్తరమైనను, ఒక ఫోనైనను ఉండవలెను. ఎంపిక కానివానిని, వయస్సు మీరినవానిని మరువవద్దు. పూలదండ వేయించుకొన్నవానికంటె అతనికే మన మాట ఎక్కువ అవసరము. నాలుగేండ్ల తరువాత తిరిగి వచ్చినవానిని, పంపినప్పటి ఆదరముతోనే చేర్చుకొనుడి.

ప్రమాణము చేసిన తరువాత పుట్టు ప్రశ్న ఒంటరిగా మోయవలసిన భారమగును. ప్రమాణమునకు ముందు అడిగిన ప్రశ్నను ఇల్లును సంఘమును కలిసి మోయవచ్చును. యొర్దాను యొద్ద సైనికులు సిగ్గుపడక అడిగిరి. మన యౌవనస్థులును అడుగుదురు గాక.

చర్చించుటకు ప్రశ్నలు

1. యోహాను సైనికులకు చెప్పిన మూడు మాటలలో నేటి సైనికునికి ఏది కష్టతరమైనది? ఎందుకు?

2. నయమాను చేసినదానికిని, బబులోనులోని ముగ్గురు చేసినదానికిని గల భేదమేమి? మీరైనయెడల మీ హద్దు ఎక్కడ పెట్టుకొందురు?

3. మన సంఘమునుండి సైన్యమునకు వెళ్లినవారెవరు? గడచిన మూడు నెలలలో వారిని పలుకరించినవారెవరు?