ఆటస్థలమున ఎండ - కన్నులకు రక్షణ

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ఎండ ఎట్టిదో ఒకరు చెప్పనక్కరలేదు. పలకల గనులలో పనిచేయువారు, చేలలో కలుపు తీయువారు తలకు గుడ్డ చుట్టుకొననిదే ఇల్లు కదలరు. కాని వేసవి సెలవులు రాగానే మన పిల్లలు ఎండిన చెరువులలో, బడి ఆవరణలలో వట్టి తలలతో పగలెల్ల క్రికెట్టు, వాలీబాలు, కబడ్డీ ఆడుచుందురు. తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పందెములు చూచువారు మిట్టమధ్యాహ్నము వరకు ఎండలోనే నిలుచుందురు. వడదెబ్బను గూర్చి అందరమును భయపడుదుము. కన్నులను గూర్చి తలచువారు అరుదు.

ఎండలో వెలుతురు, వేడిమి గాక కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు గలవు. వీని హాని ఒక్కనాటితో తెలియదు. అది ఏండ్ల తరబడి కూడుకొనును. తెల్లగ్రుడ్డుపై కండవంటి పొర పెరిగి, తరచుగా ముక్కువైపునుండి నల్లగ్రుడ్డు మీదికి ప్రాకుటకును, శుక్లములు ముందుగా వచ్చుటకును ఇవి కారణమగును. ఆ పొరను శస్త్రచికిత్సచే తీసినను మరల పెరుగవచ్చును. పిల్లల కంటిలోని కటకము మిక్కిలి స్వచ్ఛమైనది గనుక ఈ కిరణములు మరింత లోతుగా చొచ్చును. కావున జాగ్రత్త బాల్యముననే మొదలు కావలెను.

మొదటి రక్షణకు పైకము అక్కరలేదు. అది వేళ. ఉదయము 10 గంటలనుండి సాయంకాలము 4 గంటలవరకు ఎండలో ఆటలు మానవలెను. మబ్బు పట్టినదని మోసపోరాదు. పలుచని మబ్బుగుండ ఈ కిరణములు నూటికి 90 పాళ్లవరకు రాగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. ఎండిన ఇసుక సుమారు 15 పాళ్లను పైకి మరలించును.

రెండవది నీడ. తలగుడ్డ మాడును కాపాడునే గాని కన్నులకు నీడ నీయదు. దాని అంచును చూరువలె నుదుటిమీదికి లాగుకొనవలెను. చుట్టును వెడల్పైన అంచుగల టోపీ ఇంకను మేలు.

మూడవది కళ్లజోడు. అద్దము నల్లనైనంత మాత్రమున కిరణములు ఆగవు. పైగా ఆ చీకటికి కంటిపాప విప్పారి, కిరణములు మరింతగా లోనికి పోవును. ‘యు.వి. 400’ అను గుర్తు చూచి కొనవలెను. బంతి ఆటలకు గాజు అద్దములు గాక, సులభముగా పగులని పాలికార్బొనేట్ అద్దములు తగినవి. కబడ్డీకి కళ్లజోడు పనికిరాదు. ఆ ఆటకు ఉదయ సాయంకాలములే శరణ్యము.

పైకెగిరిన బంతిని పట్టబోయి సూర్యునివంక సూటిగా చూడరాదు. కంటి లోపలి పొర దెబ్బతిని, చూపు శాశ్వతముగా తగ్గవచ్చును.

ఆట పిమ్మట కన్నులు ఎర్రబడి గరగరలాడినచో నలుపరాదు. శుభ్రమైన చల్లని నీటితో కడిగి నీడపట్టున విశ్రమింపవలెను. ఆకు పసరులు, చనుబాలు కంట పోయుట అపాయము. మరునాటికి తగ్గకున్నను, చూపు మసకబారినను వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోవలెను.

మన మార్కాపురపు పలకలపై ఎందరో పిల్లలు అక్షరములు దిద్దిరి. పలక పగిలినచో వేరొకటి కొనవచ్చును. కన్ను చెడినచో కొనజాలము. కావున ఈ వేసవినుండియే బడులలోను, గ్రామములలోను ఆటల వేళలను మార్చుకొందము.