గదికి ఎన్ని టన్నులు?

సావనీరుకు ఏదైనా శాస్త్ర విషయం, అందరికీ అర్థమయ్యేటట్లు తెలుగులో రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. గొప్ప విషయాలు రాయగల పెద్దలు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మా ఇంటి పైగది సంగతి రాస్తాను. ఉష్ణప్రసారం పాఠాన్ని ఏళ్ల తరబడి తరగతిలో చెబుతూ, సొంత ఇంట్లో మాత్రం మరిచిపోయిన ఒక మాస్టారి కథ ఇది.

మా ఇల్లు అంబర్‌పేటలో, ఆరో నంబరు బస్టాపు నుండి నడిచిపోయేంత దూరంలో ఉంది. పై అంతస్తులో ఒకే గది. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. నెత్తిన కాంక్రీటు కప్పు, పడమటి గోడకు ఒక కిటికీ. ఆ గది మా నాన్నది. 2019 మే నెలలో ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి నాన్న మెట్ల మీద గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. కళ్లు తిరిగాయట. డాక్టరుగారు చూసి, ఒంట్లో నీరు బాగా తగ్గింది, ఈ వయసులో ఇటువంటి వేడి ప్రాణం మీదికి తెస్తుంది అని మందలించారు.

మర్నాడే ఏసీ కొనడానికి పోయాను. దుకాణదారు ఒకటే ప్రశ్న వేశాడు. "పై అంతస్తా సార్? అయితే ఒకటిన్నర టన్ను తీస్కోండి, పరేషాన్ ఉండదు." నేను గది కొలత చెప్పలేదు, అతడు అడగలేదు. ఇంట్లో నాన్న ఒక మాట అన్నాడు. "మిషన్ తర్వాత సంగతి బిడ్డా, ముందుగాల పైన సున్నం కొట్టియ్యి. కప్పు సల్లబడాలె." పాతకాలపు మాట అనుకొని నవ్వి ఊరుకున్నాను.

మే నెల బాగానే గడిచింది. జూలైలో వానలు పడ్డాక చిక్కు మొదలైంది. యంత్రం వేసిన కొద్ది నిమిషాలకే గది మంచుగడ్డలా అయ్యేది, యంత్రం ఆగిపోయేది. ఆగగానే దుప్పటి తడితడిగా, గాలి బరువుగా అనిపించేది. మళ్లీ అదే వరస. ఒకరాత్రి మంచినీళ్లకు లేచి చూస్తే నాన్న కింద హాల్లో చాప మీద పడుకొని ఉన్నాడు. ఎన్ని రోజులుగా అలా పడుకుంటున్నాడో నాకు తెలియదు. అంత డబ్బు పోసి కొన్నానని నాతో చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం, పెన్సిలు, టేపు తీసుకున్నాను. ఆ పని రెండు నెలల ముందు చేయవలసింది.

టన్ను అంటే ఏమిటి?

ఏసీ టన్నుకు యంత్రం బరువుతో సంబంధం లేదు. మంచుగడ్డలతో చల్లబరిచిన రోజుల మాట అది. 2,000 పౌన్ల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని తోడే శక్తి ఒక టన్ను. అంటే గంటకు 12,000 బీటీయూలు. మన కొలతలో 3,517 వాట్లు. ఒకటిన్నర టన్ను అంటే 5,275 వాట్లు. 1902లో విల్లిస్ కారియర్ అమెరికాలోని బ్రూక్లిన్‌లో మొదటి ఆధునిక ఎయిర్ కండిషనింగ్ ఏర్పాటును రూపొందించింది ఒక ముద్రణాలయం కోసం. గాలిలో తేమ మారితే కాగితం సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడటం లేదు. అంటే ఈ యంత్రం పుట్టినప్పటి నుండీ దానికి రెండు పనులు: వేడిని తోడటం, తేమను తోడటం. రెండవది మనం మరిచిపోతాం.

వేడి ఎటునుండి వస్తున్నది?

సూత్రం ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా తెలిసినదే. వైశాల్యాన్ని ఉష్ణప్రసార గుణకంతోనూ, ఉష్ణోగ్రతల తేడాతోనూ గుణించాలి. మా కప్పు 11 చదరపు మీటర్లు. మే ఎండలో దాని పైముఖం 58 డిగ్రీల వరకు కాగుతుందనీ, లోపల 28 డిగ్రీలు కావాలనీ అనుకుందాం. తేడా 30. పైముఖం నుండి గది గాలి వరకు గుణకం సుమారు 4. కాబట్టి కప్పు ఒక్కటే 1,320 వాట్లు. పడమటి గోడ 330, కిటికీ అద్దంలోంచి నేరుగా పడే ఎండ 600, మిగిలిన గోడలు 200, ఇద్దరు మనుషులు 200, ఫ్యానూ లైటూ 80, తలుపుల సందుల్లోంచి వచ్చే గాలి 150. అన్నీ ఒకే వేళకు గరిష్ఠంగా ఉన్నాయనుకొని కూడితే 2,880 వాట్లు. ముప్పాతిక టన్నుకు కొంచెం పైన.

మే నెల మిట్టమధ్యాహ్నానికి కూడా ఒక టన్ను చాలు. జూలై రాత్రి మా గది భారం 900 వాట్లు దాటదు. 5,275 వాట్ల యంత్రానికి అది గంటలో పది నిమిషాల పని. గాలిలో తేమ చల్లని గొట్టాల మీద నీరుగా మారి, బయటికి కారిపోవాలంటే యంత్రం ఆగకుండా కొంతసేపు నడవాలి. ఈలోపే అది ఆగితే, గొట్టాల మీది నీరు ఫ్యాను గాలికి మళ్లీ గదిలోకే ఆవిరవుతుంది. నాన్న దుప్పటి తడి రహస్యం ఇదే. ఇప్పటి ఇన్వర్టర్ యంత్రాలు వేగం తగ్గించుకొని నడుస్తాయి గనుక ఈ బాధ తక్కువ. కాని వాటి తగ్గింపుకూ ఒక హద్దు ఉంది.

సున్నం లెక్క

ఇప్పుడు నాన్న మాటను లెక్కలో పెట్టాను. మట్టిపట్టిన కాంక్రీటు తనమీద పడిన ఎండలో సుమారు మూడింట రెండు వంతులు మింగుతుంది. కొత్తగా వేసిన తెల్ల సున్నం దాదాపు అంత భాగాన్ని తిప్పికొడుతుంది. కప్పు పైముఖం 43 డిగ్రీలకు దిగితే తేడా 15కు, అంటే సగానికి వస్తుంది. 1,320 కాస్తా 660. కిటికీకి బయటివైపు వెదురు తెర కడితే 600 కాస్తా 200. తెర లోపల కడితే లాభం తక్కువ, ఎందుకంటే ఎండ అప్పటికే అద్దం దాటింది. మొత్తం 1,820 వాట్లకు, అంటే అర టన్నుకు దిగింది. సున్నం బస్తా, వెదురు తెర కలిసి నాకు దాదాపు మూడో వంతు టన్ను యంత్రం పనిచేశాయి, అదీ కరెంటు లేకుండా. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించినప్పుడు నాకు నాన్నే గుర్తొచ్చాడు.

కూలరు సంగతి

అర టన్ను భారానికి ఏసీయే అక్కరలేదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ల వేడి కావాలి. వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లిన మన పెద్దలు వాడుకున్నది ఈ గుప్తోష్ణాన్నే. బయట 41 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న రోజున మంచి కూలరు 27, 28 డిగ్రీల గాలి ఇస్తుంది. గది గాలి రెండు నిమిషాలకొకసారి మారాలి. మా గది 1,200 ఘనపుటడుగులు; నిమిషానికి 600, అంటే గంటకు సుమారు వెయ్యి ఘనమీటర్ల గాలి తోలే కూలరు సరిపోతుంది. గంటకు ఐదారు లీటర్లు తాగుతుంది. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో ఇది కూడా లెక్కించవలసిన ఖర్చే. ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. మూసిన గదిలో కూలరు ఉక్కపోత యంత్రం. వానాకాలంలో దాన్ని అటకెక్కించి ఫ్యానును నమ్ముకోవడమే మేలు.

చలి దేశాల మిత్రులకు

చికాగోలోనో లండన్‌లోనో ఉండి ఈ సావనీరు చదివే పూర్వ విద్యార్థులకు ఇదే లెక్క తిరగేస్తే రేడియేటర్ లెక్క అవుతుంది. అక్కడ వేడి లోపలినుండి బయటికి పోతుంది. ఎంత పోతున్నదో గోడగోడకూ కూడి, అంత వేడి ఇచ్చే రేడియేటర్ పెట్టాలి. అంతకంటే ముందు కిటికీ సందులు మూయాలి. ఒక జాగ్రత్త: ఐరోపా ప్రమాణంలో రేడియేటర్ శక్తిని నీటికీ గదికీ 50 డిగ్రీల తేడా ఉన్నప్పుడు కొలుస్తారు. తేడా 30కి తగ్గితే శక్తి సుమారు సగమే. మన ఏసీ పలక మీది అంకె కూడా బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. 43లో అంత ఇవ్వదు. అందుకే కొద్దిపాటి మిగులు ఉంచుకోవాలి గాని, రెట్టింపు కాదు.

చివరిమాట

ఆ పెద్ద యంత్రాన్ని కిందికి దించి హాల్లో పెట్టించాను. అక్కడ అది సరైన పనిలో ఉంది. పైగదికి సున్నం, వెదురు తెర, చిన్న కూలరు. తర్వాతి మే నెలలో గది ఊటీ కాలేదు; 30, 31 డిగ్రీల దగ్గర నిలిచింది. నాన్న చాప మడిచి పైకి తీసుకుపోయాడు.

మన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 నాటిది. వేసవిలో దాని రాతిగోడల మధ్య నిలబడితే, కట్టినవారు ముందు ఎండను ఆపడం గురించి ఆలోచించారని తెలుస్తుంది. మనం ముందు యంత్రం గురించి ఆలోచిస్తున్నాం. విద్యార్థులారా, మీ అద్దె గదినో హాస్టలు గదినో ఒక ఆదివారం టేపుతో కొలవండి. కప్పు, పడమర, కిటికీ, మనుషులు, గాలి: ఈ ఐదూ రాసి కూడండి. ఆ తర్వాతే దుకాణానికి పోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఏదైనా అంటే, నవ్వకుండా దానిని కూడా లెక్కలో వేయండి.

ఇప్పుడు ఏటా ఉగాదికి ముందే నేనే సున్నం నానబెడతాను. నాన్న కుర్చీ వేసుకొని కూర్చుని, ఎక్కడెక్కడ పూత పలచబడిందో చెబుతుంటాడు.