నీడపట్టున కనకాంబరం

కనకమంటే బంగారం, అంబరమంటే వస్త్రం. నేతపనితో ఈ నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఇంతకంటె తగిన పేరుగల పువ్వు లేదనవచ్చు. దీనికి వాసన లేదు. అయినా మల్లెల నడుమ కనకాంబరాలు చేర్చి కట్టిన దండకు తెలుగింటి శుభకార్యాలలో ఉన్న స్థానం తెలిసినదే. షోలాపూర్ నర్సరీలలో మాత్రం ఈ పేరు చెబితే అందరికీ తెలియకపోవచ్చు. అబోలి అని అడగవలెను. మరాఠీలో దీని రంగును కూడ అబోలీ రంగనే వ్యవహరిస్తారు.

కనకాంబరం దక్షిణ భారతానికి, శ్రీలంకకు సహజమైన మొక్క. అడ్డసరం కుటుంబానికి చెందినది. ఒకసారి నాటితే కొన్ని సంవత్సరాలపాటు పూస్తుంది. పెద్ద చెట్ల చాటున పెరుగగల పొద కనుక, ఎదుటి గోడ అడ్డుగా ఉన్న ఇరుకు వరండాలలో నివసించేవారు సైతం దీనిని పెంచుకోవచ్చు. అయితే నీడ వేరు, చీకటి వేరు. ఉదయం రెండు మూడు గంటల లేత ఎండ, తక్కిన పగలంతా మంచి వెలుతురు లభించే తూర్పు వరండా దీనికి శ్రేష్ఠం. పడమటి ఎండకు, ముఖ్యంగా ఇక్కడి వేసవిలో, ఆకులు మాడిపోతాయి. గది మూలన ఉంచితే ఆకు ఏపుగా వచ్చినా పువ్వు రాదు.

నగరాలలో కనకాంబరాలు ఎండ చాలక చనిపోవడం అరుదు. నీరు ఎక్కువై చనిపోవడమే తరచు. ఈ ప్రాంతపు నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది. దానినే కుండీలో నింపితే వేళ్లకు గాలి అందదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమంగా కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నింపవలెను. పైమట్టిలో వేలు దించి చూసి, పొడిగా తగిలినప్పుడే నీరు పోయవలెను. కుళాయి నీరు రోజూ రాని పేటలలో బియ్యం కడిగిన నీరు చాలును. మొక్క వడలినట్లు కనబడగానే మరింత నీరు పోయడం చాలామందికి అలవాటు. మట్టి తడిగా ఉండి కూడ మొక్క వడలుతున్నదంటే దోషం వేళ్లలో ఉన్నది. పెకలించి చూస్తే వేళ్లపై బుడిపెలు కనిపించవచ్చు; అది నులిపురుగుల పని, కనకాంబరానికి బద్ధశత్రువు. అటువంటి మొక్కను, మట్టిని తొలగించవలెనేకాని ఆ మట్టిలోనే మరల నాటరాదు. కొత్త మట్టిలో పిడికెడు వేపపిండి ముందే కలపడం మేలు.

కుండీ కింద పళ్లెం పెట్టేవారు దానిలోని నీటిని పారబోసి, వారానికొకసారి తప్పక తోమి ఆరబెట్టవలెను. డెంగీని వ్యాపింపజేసే దోమ ఇటువంటి నిలువనీటిలోనే గుడ్లు పెడుతుంది.

కంకిలో పువ్వులు కిందినుండి పైకి విచ్చుకుంటూ పోతాయి. రోజు విడిచి రోజు కోయవచ్చు. పూత ముగిసిన కంకులను తుంచితే కొత్త కంకులు త్వరగా వస్తాయి. విత్తనం కావలసినవారు మాత్రం రెండు కంకులను ఎండనివ్వవలెను. ఎండిన కాయ తడి తగిలితే చిటుక్కున పగిలి గింజలను దూరంగా చిమ్ముతుంది, పిల్లలకిది వినోదమే. తొలకరికి ముందే కంకులను కోసి, మూత ఉన్న పాత్రలో ఉంచకపోతే గింజలన్నీ పక్క కుండీలలో మొలుస్తాయి.

ఢిల్లీ కనకాంబరమని అమ్మే రకానికి విత్తనం కట్టదు. విత్తనాలకోసం ఎదురుచూడక, వానకాలపు ఆరంభంలో ముదురు, లేత కాని కొమ్మను జానెడు పొడవున కోసి, కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన ఉంచవలెను. మూడు నాలుగు వారాలలో వేళ్లు పడతాయి. పొరుగింట పూచే మొక్క ఉన్నవారు డబ్బు పెట్టి కొనవలసిన పనిలేదు. ఆ ఇంటి మొక్క బుడిపె రోగం లేనిదేనా అని మాత్రం ముందు విచారించుకోవలెను.