జరిగింది జరిగినట్టే రాయించు

బందరు

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు క్షేమంగా నాగాయలంక చేరావని అక్కయ్య ఫోన్ చేసింది. గదిలోంచి బయటికి రావడం లేదనీ, ఎవరైనా పలకరిస్తే "అక్కడి ఉద్యోగం నచ్చలేదు, వచ్చేశా" అంటున్నావనీ చెప్పింది. ఊళ్ళోవాళ్ళకి ఏం చెబుతావో నీ ఇష్టం. ఆఫీసుల్లో ఏం చెబుతావన్నది మాత్రం ఇప్పుడే తేల్చుకోవాలి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని వరసగా చేసుకురా.

ముందు ఒక మాట. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని పంపి, దిగగానే పాస్‌పోర్టు లాక్కుని, గోడల మధ్య కూర్చోబెట్టి మోసపు ఫోన్లు చేయించడం నీ ఒక్కడికే జరగలేదు. 2024 మే నెలలో సిహనూక్‌విల్‌లో సుమారు 300 మంది మనవాళ్ళు తిరగబడ్డారు. వాళ్ళలో విశాఖపట్నం వైపు కుర్రాళ్ళు చాలామంది. మరుసటి ఏడు మార్చిలో మయన్మార్ ముఠాల చెరలోంచి బయటపడ్డ 549 మందిని థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో తెచ్చారు. అంతకుముందు దశాబ్దాలుగా కువైట్, మస్కట్‌లకి ఇంటిపనికి వెళ్ళిన మన ఆడవాళ్ళలో ఎందరి పాస్‌పోర్టులు యజమానుల బీరువాల్లో ఉండిపోయాయో నీకు చెప్పక్కర్లేదు. తలదించుకోవాల్సింది పంపినవాడు.

నీ పాస్‌పోర్టు అక్కడే పోయింది. ఆధార్, పాన్, టెన్త్ ఒరిజినల్ మెమో, ఇంటర్ మెమో "వెరిఫికేషన్‌కి" అని గుడివాడలో ఏజెంటు తీసుకున్నవి తిరిగి రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో ఉన్నది నామ్‌పెన్‌లోని మన ఎంబసీ ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఒక్కటే. ఇండియాకి ఒక్కసారి రావడానికి తప్ప అది ఇంక దేనికీ పనికిరాదని అనుకుంటున్నావేమో. నీకు జరిగినదానికి సర్కారు ముద్రతో ఉన్న సాక్ష్యం అదొక్కటే. జాగ్రత్త చెయ్యి. విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ వాళ్ళు తీసుకుని ఉంటే దాని ఫోటోగానీ, నంబరుగానీ వెతికి పట్టుకో. బోర్డింగ్ పాసు కూడా పారెయ్యకు.

రేపో ఎల్లుండో నువ్వు ఏ జిరాక్సు షాపు దగ్గర నిలబడినా ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "గుడివాడ నుంచి బందరు వస్తుంటే బస్సులో బ్యాగు పోయిందని అఫిడవిట్ రాయించెయ్యి, గొడవుండదు." వినడానికి బాగానే ఉంటుంది. సిగ్గు దాచుకోవచ్చు, స్టేషన్లో పది ప్రశ్నలు తప్పుతాయి. నువ్వు మాత్రం ఆ పని చెయ్యొద్దు.

ఎందుకంటే పాస్‌పోర్టు దరఖాస్తులో నువ్వెప్పుడైనా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద ఇండియాకి తిరిగి వచ్చావా అని సూటిగా అడిగే ప్రశ్న ఉంది. దాని నంబరు, ఇచ్చిన చోటు, తేదీ, కారణం రాయమంటారు. బ్యాగు బస్సులో పోయిందని ప్రమాణం చేసినవాడు అక్కడేం రాస్తాడు? "లేదు" అని రాస్తే, ఎంబసీ రికార్డు "అవును" అంటుంది. తెలిసీ తప్పుడు వివరం ఇవ్వడం 1967 పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలుశిక్ష పడగల నేరం. ఇవాళ మోసపోయినవాడివి, ఆ ఒక్క సంతకంతో నేరం చేసినవాడివి అవుతావు. పైగా బస్సులో పోయినవాటికి ఏజెంటుతో పనేముంది? వాడు హాయిగా ఇంకో నలుగుర్ని పంపుతాడు.

కాబట్టి మొదటి పని, కూర్చుని జరిగినదంతా తెల్లకాగితం మీద రాసుకో. ఎవడు ఎప్పుడు ఏం చెప్పాడు, ఎంత కట్టావు, ఏ ఫోన్‌పే నంబరుకి పంపావు, ఏ విమానం ఎక్కావు, పాస్‌పోర్టు ఎవరు తీసుకున్నారు, ఎలా బయటపడ్డావు. తేదీ కచ్చితంగా గుర్తులేకపోతే "ఫలానా పండగ తరువాత" అని రాయి, ఊహించి వెయ్యకు. ఆ తరువాత ఏ ఆఫీసుకి వెళ్ళినా ఆ కాగితంలో ఉన్నదే చెప్పాలి.

రెండోది, స్టేషన్‌కి వెళ్ళేముందు వకీలుని కలువు. నీచేత మోసపు ఫోన్లు చేయించారు కదా, ఆ భయం నిన్ను నిద్రపోనివ్వడం లేదని నాకు తెలుసు. బందరు జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంది. మనుషుల అక్రమ రవాణాకి బలైనవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. ఫోన్ చెయ్యాలంటే 15100. వాళ్ళ దగ్గర ఏదీ దాచకు. కొట్టి, నిర్బంధించి చేయించిన పనిని ఎలా చెప్పాలో వాళ్ళకి తెలుసు.

మూడోది ఫిర్యాదు. డబ్బు గుడివాడలో కట్టినా సరే, నాగాయలంక స్టేషన్లో ఇవ్వొచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని సంబంధిత స్టేషన్‌కి పంపాలని 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ నకలు నీకు పైసా తీసుకోకుండా ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకి పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం, ఆ మాట ఫిర్యాదులో ఉండాలి. పోయిన కాగితాల జాబితా కూడా అందులోనే రాయించు, అవి ఎవరి చేతికి వెళ్ళాయో సహా. తీసుకోవడానికి తటపటాయిస్తే గొడవ పడకు. సోమవారం బందరు ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, నేనూ వస్తాను.

ఇక కాగితాలు. తెగిన వలని అల్లేవాడు చెడని కన్ను ఒకటి వెతికి పట్టుకుని అక్కణ్ణుంచి మొదలుపెడతాడు. నీకు ఆ కన్ను ఆధార్ నంబరు. కార్డు పోయినా నంబరూ వేలిముద్రలూ పోలేదు. ఇంట్లో బియ్యం కార్డు దగ్గర దాచిన జిరాక్సుల్లోనో, బ్యాంకులో నువ్వు ఇచ్చిన నకలులోనో, సచివాలయం లెక్కల్లోనో అది దొరుకుతుంది. చిక్కల్లా ఫోన్ నంబరుతోనే. మూడు నెలలు వాడని సిమ్ ఆగిపోవచ్చు, తరువాత ఆ నంబరు ఇంకొకరికి వెళ్ళవచ్చు. నీ ఓటీపీలన్నీ వాళ్ళ ఫోన్‌కి పోతాయి. అందుకని వేలిముద్రతో కొత్త సిమ్ తీసుకుని, ఆధార్ కేంద్రంలో ఆ నంబరు ఎక్కించుకో. దానికి ఏ కాగితమూ అడగరు. అప్పుడు ఈ-ఆధార్ దించుకోవచ్చు. బ్యాంకులో కూడా నంబరు మార్పించు, గడిచిన నెలల స్టేట్‌మెంట్ తీయించి తెలియని లావాదేవీలు ఉన్నాయేమో చూడు. ఏజెంటు దగ్గర నీ కార్డులున్నాయి కాబట్టి సంచార్ సాథీ సైటులో నీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూడు. నీవి కానివి అక్కడే రిపోర్టు చెయ్యి. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకో.

ఆధార్ నిలబడ్డాక పాన్ తేలిక, ఉన్న నంబరుకే కార్డు మళ్ళీ అచ్చు వేయించుకోవడం. ఓటరు కార్డుకి ఫారం 8. టెన్త్ మెమోకి డిజిలాకర్ చూడు. అందులో దొరికే మెమో చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానం. అసలు కాగితమే కావాలంటే నువ్వు చదివిన హైస్కూలు హెడ్మాస్టరు ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి డూప్లికేట్ కోసం పెట్టాలి, అక్కడ పోలీసు కాగితం అడుగుతారు. ఇంటర్‌కి బోర్డు వేరు. టీసీ, స్టడీ సర్టిఫికెట్ కోసం గుడివాడ కాలేజీకి వెళ్ళాలి. స్కూల్లో నీ పేరున్న రిజిస్టరు ఎక్కడికీ పోలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మీ తాతయ్య దస్తావేజులన్నీ కొట్టుకుపోతే రిజిస్ట్రారు కచేరీ పుస్తకంలోంచి నకళ్ళు రాయించుకుని ఆ పొలం నిలబెట్టుకున్నాడు. ఆయనకి అప్పుడు ఈ ఫోన్లూ సైట్లూ ఏవీ లేవు.

పేరు దగ్గర జాగ్రత్త. నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. అన్నీ టెన్త్ మెమో ప్రకారమే ఉండేట్టు ఇప్పుడే చూసుకో. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు.

పాస్‌పోర్టు ఆఖర్న. కానీ వదిలెయ్యొద్దు. అది చట్టప్రకారం కేంద్ర ప్రభుత్వం ఆస్తి, నీ ఫోటోతో ఎవడి చేతిలోనో తిరగకూడదు. పోయిందని రాతపూర్వకంగా చెప్పి రద్దు చేయించాలి. పోయినదాని బదులు 36 పేజీల కొత్తదానికి ఫీజు 3,000 రూపాయలు. ఎఫ్‌ఐఆర్, ఎలా పోయిందో చెప్పే అఫిడవిట్, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ వివరాలు పెట్టాలి. ఎంబసీ నుంచి నిర్ధారణ, పోలీసు విచారణ ఉంటాయి, ఆలస్యమవుతుంది. ఆలస్యమైందని బ్రోకర్ దగ్గరికి వెళ్ళకు. వాడు మొదట చెప్పేది ఆ బస్సు కథే.

వచ్చే ఆదివారం అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు వచ్చెయ్. రాత్రి మా ఇంట్లో పడుకుంటే సోమవారం పొద్దున్నే కోర్టు దగ్గర వకీలుని కలుద్దాం. దారి ఖర్చుకి అక్కయ్యని అడక్కు, నేను పంపుతున్నాను.

ఇంకొక్కటి. ఆ భవనంలో నీతో ఉండి ఇంకా బయటపడని తెలుగువాళ్ళ పేర్లు, ఊళ్ళు, గుర్తున్నంతవరకు వేరే కాగితం మీద రాసి తీసుకురా. పోలీసులకీ, తాడేపల్లిలోని ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీకీ ఇద్దాం. వాళ్ళెక్కడున్నారో వాళ్ళ ఇళ్ళల్లో తెలియకపోవచ్చు. చెప్పగలిగినవాడివి ఇప్పటికి నువ్వే.

ఇట్లు,
మీ మావయ్య